కొడుకు కన్నా చిన్నదైన తల్లి

అందరికీ నమస్కారం.

హీరో పక్కన తండ్రి, మామ, మంత్రి లాంటి వేషాలు వేసే క్యారెక్టర్ నటుల జీవితం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నేను మొదట చేసిన పని, వాళ్ల పుట్టిన తేదీలు కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకోవడం. నేను నటుణ్ని కాను, సినిమాలు చూసి రాసుకునేవాణ్ని. లెక్కల పిచ్చి కాస్త ఎక్కువ. ఆ పిచ్చి వల్లే ఈ సంగతి నా కంట పడింది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు, తల్లి హిడింబి సూర్యకాంతం. రంగారావు పుట్టింది 1918 జులైలో. సూర్యకాంతం పుట్టింది 1924 అక్టోబరులో. అంటే తల్లి కొడుకు కన్నా ఆరేళ్లు చిన్నది! ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు, ఒక్కసారైనా అనుమానం రాలేదు. ముప్పై రెండేళ్ల ఆవిడ అంత ఆజానుబాహువును ‘సుపుత్రా’ అని పిలుస్తుంటే, ఆ పిలుపులోని అధికారం చూస్తామే తప్ప వయసు ఎంతని అడగం. రంగారావు కూడా అంతే. ఆ మీసాలతో, ఆ గదతో, అమ్మ మాట జవదాటని పిల్లవాడిలా ఆమె ముందు తగ్గి నిలబడతాడు. ఆమె తల్లి అయింది సగం ఆమె నటన వల్ల, సగం ఆయన తగ్గడం వల్ల.

వయసు మాట వచ్చింది కాబట్టి గుమ్మడి వెంకటేశ్వరరావు దగ్గరికి వెళ్లక తప్పదు. ‘మహామంత్రి తిమ్మరుసు’ 1962లో వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు ఎన్.టి. రామారావు, ఆయన ‘అప్పాజీ’ అని గౌరవించే వృద్ధమంత్రి గుమ్మడి. రామారావు పుట్టింది 1923లో, గుమ్మడి పుట్టింది 1927లో. అప్పాజీకి అప్పటికి ముప్పై అయిదేళ్లు, రాయలవారికి ముప్పై తొమ్మిది. ఇదొక్క సినిమా ముచ్చట కాదు. తనకన్నా పెద్దవాళ్లకు తండ్రిగా, అన్నగా, మామగా గుమ్మడి దశాబ్దాల పాటు నటించారు. ముప్పై నిండకుండానే తలకు తెల్లరంగు పూయించుకున్నవాడికి మళ్లీ కుర్రవేషం ఎవరిస్తారు? కథానాయకుడు ఇరవై అయిదు దగ్గర ఆగిపోవాలంటే, పక్కనున్న ఎవరో ఒకరు ఆ ఏళ్లను మోయాలి. మోసినందుకు ఇచ్చేదే క్యారెక్టర్ నటుడి పారితోషికం అని నా లెక్క.

అయితే ముసలి నడక నడవాలంటే నడుం వంచి దగ్గితే చాలని చాలామంది అనుకుంటారు. నాటక పోటీల్లో ఈ దగ్గుల బాధ మీరూ పడే ఉంటారు. గుమ్మడి ఆ దగ్గులను దరిచేరనివ్వలేదు. మాటకు ముందు ఒక చిన్న ఆగుదల, ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ముఖం మీద నిలిచే ఆ వినికిడి, ఇవే ఆయన తెల్లజుట్టు. ఇంట్లో పెద్దవాళ్లను గమనించండి, వాళ్లు మనకన్నా ఒక్క క్షణం ఆలస్యంగా జవాబిస్తారు.

మళ్లీ ‘మాయాబజార్’కే వస్తాను, క్షమించాలి, దాన్ని వదలడం నాకు చేతకాదు. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక తెర మీద కనిపించేది సావిత్రి. కానీ చూపించవలసింది రంగారావును. పెళ్లిపీటల దగ్గర లక్ష్మణకుమారుడి పాదం తొక్కినప్పుడు రేలంగి ముఖంలో ఆ బరువు చూడండి. తొక్కింది సావిత్రి, బరువు రంగారావుది. ‘అహ నా పెళ్లియంట’ పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూరితే, సావిత్రి భుజాలు ఒక్కసారిగా వెడల్పవుతాయి. కథానాయిక ఒక క్యారెక్టర్ నటుణ్ని అనుకరించి పేరు తెచ్చుకుంది. అనుకరించాలంటే ముందు అక్కడ పట్టుకోదగిన ఆకారం ఒకటి ఉండాలి కదా. అది అంతకుముందే రంగారావు కట్టి పెట్టారు.

ఆ పాట పల్లవి ముప్పై ఏళ్ల తర్వాత ఒక సినిమాకు పేరయింది. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’. అందులో పిసినారి లక్ష్మీపతి కోట శ్రీనివాసరావు. కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. దాన్ని ఈసారి నవ్వకుండా చూడడానికి ప్రయత్నించండి. కోట నవ్వించడం లేదు, భోజనం చేస్తున్నారు. ఆ ముఖంలో ఉన్నది తృప్తి. తనది పిసినారితనమన్న అనుమానం లక్ష్మీపతికి ఏ కోశానా లేదు, ఆయన దృష్టిలో అదే పద్ధతైన బతుకు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెర మీదికి వచ్చిన మనిషి. అప్పటికే ముప్పై ఆరేళ్లు. ఆ వయసు మరొకరికి ఆలస్యం, క్యారెక్టర్ నటుడికి పెట్టుబడి. కౌంటరు ఇవతల డబ్బు లెక్కపెట్టుకునే ముఖాలు ఎన్ని చూసి ఉంటారో!

ఇక బహుమతుల గురించి ఒక్క మాట. జాతీయ పురస్కారాల్లో సహాయ నటుడికి విడిగా బహుమతి మొదలైంది 1984 సినిమాల నుంచి. రంగారావు 1974లోనే వెళ్లిపోయారు. ‘నర్తనశాల’ కీచకుడిగా ఆయన్ని జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడన్నారు, ఇక్కడ ఆయన కోసం వరసే లేదు. తర్వాత ‘యజ్ఞం’తో పి.ఎల్. నారాయణ ఆ బహుమతి తెచ్చారు. ఆ వరుసలో మన పేరు ఒకటుందని సంతోషిద్దాం.

సంపాదన సంగతి చాలామందికి తెలియదు. హీరోకు సినిమాకు ఇంత అని ఒప్పందం. క్యారెక్టర్ నటుల్లో ఎక్కువమందికి కాల్షీటుకు, అంటే షూటింగుకు వచ్చిన రోజుకు, ఇంత. హీరోకు జలుబు చేస్తే షూటింగు వాయిదా, ఆ రోజు కూలీ వీళ్లకు పోయినట్టే. పైగా గడ్డం గొడవ ఒకటి. ఒక సినిమాలో సన్యాసి, మరో సినిమాలో పోలీసు అధికారి. సన్యాసి పని పూర్తయ్యే దాకా గడ్డం తీయడానికి లేదు, పోలీసు అధికారి ఎదురుచూస్తూ ఉంటాడు.

టెలివిజన్ వచ్చాక ఈ లెక్క కొంత మారింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, 1995 నుంచి ప్రైవేటు చానళ్లు వచ్చాయి, వెనకే రోజువారీ సీరియళ్లు వచ్చాయి. నెలకు ఇన్ని రోజులు పని అన్న భరోసా ఈ నటులకు చాలావరకు అక్కడే దొరికింది. దానికి బదులుగా ఒకే అత్తగారిని, ఒకే చీరకట్టులో, ఏళ్ల తరబడి మోయాలి. తేదీలు కుదరకపోతే ‘ఈ పాత్రలో ఇకపై ఫలానావారు’ అని తెర మీద ఒక అక్షరాల వరుస, లేదా గోడ మీద దండ వేసిన ఫొటో. సినిమా నటుణ్ని వాడుకుంటుంది, సీరియల్ ఇంట్లో పెట్టుకుంటుంది. రెండింటిలో ఏది మేలో నేను తేల్చలేను.

వారం వారం వచ్చిన ‘అమృతం’ మాత్రం వేరు. 2001 నుంచి 2007 దాకా నడిచింది. అమృతరావుగా మొదట శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. కథానాయకుడే ముగ్గురు మారినా ఇల్లు కూలలేదు. ఎందుకంటే పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నారు. కొత్త అమృతాన్ని ఆయన పాత స్నేహితుణ్ని చూసినట్టే చూశారు, అందుకే మనమూ అలాగే చూశాం. హనుమంతరావు 2018లో కన్నుమూశారు. 2020లో ‘అమృతం ద్వితీయం’ తీసినప్పుడు ఆ ఆంజనేయులు చొక్కా ఎల్.బి. శ్రీరామ్ తొడుక్కున్నారు.

ఇంటి ఓనరు అప్పాజీ మాత్రం మళ్లీ శివన్నారాయణే. ఎవరు అద్దెకున్నా ఓనరు మారడు కదా.