నీటి మొక్కల తొట్టికి ఎంత వెలుగు కావాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. అక్వేరియంలో మొక్కలు పెంచేవారికి దీపాల విషయంలో కలిగే సందేహాలకు నేటి ఫోన్-ఇన్ కార్యక్రమంలో మన నిపుణులు సమాధానమిస్తారు. విజయవాడ నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉంటుంది. అందులో అనుబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా వేశాము. తొట్టితోపాటు వచ్చిన నీలిరంగు దీపం కింద మొక్కలు ఎదగడం లేదు, పైగా అద్దాలకూ ఆకులకూ పాచి పడుతోంది. దుకాణదారు 36 వాట్ల ఎల్‌ఈడీ దీపం పెట్టమంటున్నారు. కొనమంటారా?

నిపుణుడు: నమస్కారమండి. దీపాన్ని రోజుకు ఎంతసేపు వెలిగిస్తున్నారు?

శ్రోత: ఉదయం ఏడింటికి వేస్తే, రాత్రి పదింటికి ఆపుతాము.

నిపుణుడు: పదిహేను గంటలన్నమాట. కొత్త దీపం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ సమయాన్ని సగానికి తగ్గించాలి. వెలుగును ఆహారంగా మార్చుకోవడానికి మొక్కకు కార్బన్ డయాక్సైడు, నత్రజని, పొటాషియం వంటివి కూడా కావాలి కాబట్టి, అవి అయిపోయాక దీపం ఎంతసేపు వెలిగినా దానివల్ల లాభపడేది పాచి మాత్రమే. రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, పాచి అదుపులోకి వచ్చాక ఎనిమిది గంటల వరకు పెంచుకోవచ్చు.

ఇక దీపం మార్చడం అవసరమే, ఎందుకంటే వట్టి నీలి వెలుగు చేపల రంగును మెరిపించడానికి పెట్టేదే తప్ప మొక్కల కోసం చేసినది కాదు. అయితే వాట్లు చెప్పేది కరెంటు ఖర్చును మాత్రమే. ట్యూబులైట్ల కాలంలో గ్యాలనుకు ఇన్ని వాట్లు అని వేసుకున్న లెక్క ఎల్‌ఈడీలకు పనికిరాదు. పెట్టె మీద ల్యూమెన్లు, అంటే దీపం ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే కొలత, చూడండి. ఇసుకా రాళ్లూ పోగా మీ తొట్టిలో సుమారు 55 లీటర్ల నీరు ఉంటుంది. మీరు చెప్పిన మూడూ తక్కువ వెలుగులో బతికే మొక్కలే కాబట్టి లీటరుకు 20 నుంచి 25 ల్యూమెన్ల చొప్పున 1100 నుంచి 1400 ల్యూమెన్లు సరిపోతాయి. మంచి ఎల్‌ఈడీ వాటుకు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది గనుక 12 లేదా 15 వాట్లు చాలు. మీ దుకాణదారు చెప్పిన దీపం, కార్బన్ డయాక్సైడు సిలిండరు పెట్టుకున్నవారికి తగినది. రంగు విషయానికొస్తే, 6500 కెల్విన్ తెల్లని వెలుగు తీసుకోండి.

శ్రోత: అనుబియాస్ మరీ నెమ్మదిగా ఉందండి.

నిపుణుడు: దాని స్వభావమే అంత. ఆకులు ఎక్కువ కాలం ఉంటాయి కాబట్టి వాటి మీదే పాచి ముందు చేరుతుంది. అనుబియాస్‌ను వాలిస్నేరియా నీడ పడే చోట, కట్టెకో రాయికో కట్టి ఉంచండి. దుంపను మాత్రం ఇసుకలో పాతకండి, కుళ్లిపోతుంది.

వ్యాఖ్యాత: హైదరాబాదు నుంచి మరో శ్రోత ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత: మా తొట్టి 18 అంగుళాల లోతు ఉంది. ఎర్రటి రొటాలా, నేలంతా పరుచుకునే పొట్టి మొక్కలు పెంచాలని ఉంది. తొట్టిని కిటికీ పక్కన పెడితే దీపం ఖర్చు తప్పుతుందా?

నిపుణుడు: తప్పదమ్మా. ఎండ మన చేతిలో ఉండదు, వేసవిలో అది నీటిని వేడెక్కిస్తుంది కూడా. మీరు కోరుకున్న మొక్కలకు లీటరుకు 40 ల్యూమెన్లకు పైగా కావాలి. అంత లోతున నేలకు చేరేసరికి వెలుగు బాగా తగ్గుతుంది గనుక, తొట్టి పొడవంతా వచ్చే దీపాన్ని ఎంచుకోండి. అయితే ఆ దీపానికి ముందే కార్బన్ డయాక్సైడు ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే ఇందాకటి శ్రోత సమస్యే మీకూ వస్తుంది. ఆ వాయువును దీపం వెలగడానికి గంటా రెండు గంటల ముందు మొదలుపెట్టి, ఆరడానికి గంట ముందు ఆపాలి.

శ్రోత: మధ్యలో కరెంటు పోతే?

నిపుణుడు: గంటా రెండు గంటల చీకటి మొక్కలకు లెక్కలోకి రాదు. గాలి పంపు ఆగితే చేపలకే కష్టం, దానికి బ్యాటరీ ఉన్నది పెట్టుకోండి. టైమరు కొనేటప్పుడు మాత్రం, తిప్పే చక్రం ఉన్నది కాకుండా లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ రకం తీసుకోండమ్మా. చక్రం ఉన్నది కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది, ఆ మేరకు మీ దీపం వేళలు రోజురోజుకూ ఆలస్యమవుతూ పోతాయి.