సిఫారసు ఉత్తరం

(సికింద్రాబాదులో లెంటు (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల) శుక్రవారపు ఉపవాస కూడికలో ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, తోటి పెద్దలకు, ఈ ఎండలో నడిచి వచ్చిన మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు. స్త్రీల సమాజం వారికి ఇంకో వందనం ఎక్కువ. ఉపవాసం అంటూనే వెనక టీ పెట్టిస్తున్నారు, వాసన ఇక్కడిదాకా వస్తోంది.

నాకిచ్చిన టైం 15 నిమిషాలు. అంశం, ఆపదలో దేవుని ఎదుట తగ్గింపు. మూడు పాయింట్లు రాసుకొచ్చాను. మూడూ చెప్పలేనేమో, అయ్యగారు క్షమించాలి.

రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం తీయండి. నయమాను సిరియా దండనాయకుడు. యుద్ధాలు గెలిచినవాడు, ఒంటినిండా కుష్ఠు. ఇశ్రాయేలు దేశం నుంచి చెరపట్టుకొచ్చిన ఒక చిన్నపిల్ల ఆయన ఇంట్లో పని చేస్తోంది. ఇశ్రాయేలులోని షోమ్రోనులో ఈ రోగం బాగుచేసే ఒక ప్రవక్త ఉన్నాడని చెప్పింది ఆ పిల్లే. మరి దొరగారు ఎలా బయల్దేరాడు? వెండి, బంగారం, పది జతల బట్టలు, అన్నిటికీ మించి రాజుగారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం! ఆ ఉత్తరం చదివి ఇశ్రాయేలు రాజు బట్టలు చింపుకున్నాడు, నాతో కయ్యానికి సాకు వెతుకుతున్నారని.

మనకు ఇది కొత్తా? స్కూలు సీటుకు ఎమ్మెల్యే లెటరు, ఆసుపత్రి బెడ్‌కు ఎవరో తెలిసినవాళ్ల ఫోను. ఉత్తరం లేకుండా ఈ ఊళ్లో గడప దాటని వాళ్లం. ప్రార్థనకూ అలాగే పోతాం. నేనూ పోయాను.

మా ఇంటావిడ ఆ మూడో వరుసలో కూర్చుంది. ఇది చెప్పొద్దనే అంది పొద్దున. చెబుతాను, ఇంటికెళ్లాక తిట్లు తింటాను.

1991. నేను రైల్వేలో అకౌంట్స్ సెక్షన్‌లో క్లర్కుని. మా మొదటి కాన్పు. రాత్రి పదిన్నరకు రక్తస్రావం ఆగట్లేదు, రక్తం కావాలన్నారు. ఆసుపత్రి పేరు వద్దు. నేనేం చేశానో తెలుసా? రక్తం కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు, లుంగీలు, చెప్పుల్లేని కాళ్లు. వాళ్ల వెనక నిలబడబుద్ధి కాలేదు. ఆసుపత్రి పెద్దసారుకు మా ఆఫీసరు రాసిచ్చిన ఉత్తరం జేబులో ఉంది. మేడెక్కి ఆయన రూం ముందు బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసి ఉంది, లైటు వెలుగుతోంది. లోపలున్నారు, పిలుస్తారు అనుకున్నాను.

అక్కడే ప్రార్థన కూడా చేశాను. ఏమని? ప్రభువా, తొమ్మిదేళ్లుగా సండే స్కూలు చెప్తున్నాను, జీతం రోజునే దశమభాగం తీస్తున్నాను, క్వయర్ ఒక్క ఆదివారం మానలేదు. నవ్వకండి. మీ ప్రార్థనలు ఒకసారి గుర్తు చేసుకోండి.

నలభై నిమిషాలు. బకెట్, తుడుపుగుడ్డ పట్టుకొని ఒక ఆయమ్మ వచ్చింది. "ఏంది బిడ్డా, గీడ కూసున్నవ్? సారు పొద్దుగాల గానీ రాడు. గా లైటు ఎప్పుడూ గట్లనే ఉంటది. రక్తం కాడికి పో, లైన్ల నిలవడు. కాగితం జేబుల పెట్టుకో."

నయమానుకు కోపం వచ్చింది కదా, ప్రవక్త బయటికైనా రాలేదు, మనిషినొకణ్ణి పంపి యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడని. మా దమస్కులో ఇంతకన్నా మంచి నదులు లేవా అన్నాడు. నాకూ వచ్చింది. తుడిచే మనిషి నాకు చెప్పడమా అని! సిగ్గుతో చెబుతున్నాను, ఒక నిమిషం అలాగే కూర్చున్నాను. తర్వాత దిగి లైన్లో నిలబడ్డాను. ముందున్నాయన నా మొహం చూసి "ఆప్ జాయియే" అని తప్పుకున్నాడు. అప్పుడిక ప్రార్థనలో మాటలే రాలేదు. లెక్కలన్నీ అయిపోయాయి.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను. మా తాతది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చిని మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో కట్టించారు, పనికి వచ్చినవాళ్లకు ఇంత తిండి దొరకాలని. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. మా తాత అందులో రాళ్లు మోశాడు. కానీ ఆఫీసులో నేను చెప్పేది, "మా తాతగారు మెదక్ చర్చి కట్టించారు" అని. కట్టాడు, కట్టించలేదు. కూలికి కట్టాడు. ఆ ఒక్క అక్షరం నేను ముప్ఫై ఏళ్లు మోశాను, తాత మోసిన రాళ్లకన్నా బరువుగా.

ఇప్పుడు నా అసలు బాధ. మా ఆవిడ బతికింది. బిడ్డ బతకలేదు. ఆ నలభై నిమిషాల వల్లనా? కాదన్నారు డాక్టరమ్మ. నేను మాత్రం ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉంటాను, అకౌంట్స్ వాణ్ణి కదా. నాలుగో రోజున ఇద్దరు విశ్వాసులు ఇంటికొచ్చారు. "బ్రదర్, ఇంకా తగ్గించుకోవాల్సింది, ఏదో పాపం దాచి ఉంటారు" అన్నారు. పచ్చి బాలింత లోపలి గదిలో వింటోంది.

తమ్ముళ్లారా, సాక్ష్యాలు చెప్పేవాళ్లారా, దయచేసి వినండి. తగ్గించుకుంటే పని అవుతుందని చెప్పకండి. అప్పుడు తగ్గింపు కూడా ఇంకో సిఫారసు ఉత్తరమే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు నేలమీద సాగిలపడ్డాడు. ఈ శ్రమల గిన్నె నా దగ్గర్నుంచి తొలగించమని ఒక్కసారి కాదు, మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగిందా? ఆయన కన్నా తగ్గినవాడు ఎవరున్నారు, చెప్పండి! ఆసుపత్రి ఫైలు సంచిలో పెట్టుకొని ఈ కూడికకు వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు. ఫలితం ఏమవుతుందో నేను చెప్పలేను. ఫైలు ఒళ్లో పెట్టుకొని ఏడవండి, చాలు. మాటలు రాకపోతే రానివ్వండి.

అయ్యగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

ఇదిగో ఆ ఉత్తరం. ఎవరికీ ఇవ్వలేదు కదా, నా దగ్గరే ఉండిపోయింది. నా బైబిల్లో ఈ అధ్యాయం దగ్గరే పెట్టుకున్నాను, మడతల దగ్గర చినిగింది. నయమాను ఇంట్లో పనిపిల్లకు బైబిల్లో పేరు లేదు. డిశ్చార్జి రోజున నేను ఆయమ్మ కోసం వెతికాను. డ్యూటీలు మారాయి, ఏ ఆయా అని అడిగారు. చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. పెద్దసారు పేరు మాత్రం, ఇదిగో, డిగ్రీలతో సహా టైపు చేసి ఉంది.