బొమార్షే బాకీ

అందరికీ నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, లఫాయెత్ గుర్తొస్తారు. నేను ఈ సాయంత్రం ఆ యుద్ధం మిగిల్చిన ఒక బాకీ గురించి మాట్లాడతాను. 1776లో పడిన ఆ పద్దు 1835 దాకా తెమలలేదు. బాకీ పడింది అమెరికా ప్రభుత్వం. అప్పిచ్చినాయన ఒక నాటక రచయిత.

ఆయన పేరు పియేర్ బొమార్షే. గడియారాలు చేసేవాడి కొడుకు. ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ నాటకంతో పారిస్‌ను నవ్వించినవాడు, రాజుగారి పనుల మీద రహస్యంగా లండన్ వెళ్లొస్తుండినవాడు. ఇంగ్లండు మీద తిరగబడ్డ వలసలకు ఆయుధాలు అందించాలని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి వెర్జెన్‌కు కోరిక. బయటపడితే యుద్ధమే. అందుకని 1776 జూన్ 10న బొమార్షే చేతిలో పది లక్షల లీవ్రులు (అప్పటి ఫ్రాన్స్ నాణెం) పెట్టాడు. ఇంకో పది లక్షలు స్పెయిన్ ఇచ్చింది. ఆ డబ్బుతో రోదెరీగ్ ఓర్తలేజ్ అనే స్పానిష్ పేరుతో ఒక కంపెనీ పుట్టింది. మన భాషలో చెప్పాలంటే బినామీ. మొదటి పెట్టుబడి మాది, ఆపైన నీ వ్యాపారం నువ్వే నడుపుకో, అమెరికా నుంచి పొగాకు తెప్పించి అమ్ముకో అన్నది ఏర్పాటు.

తేదీ గమనించండి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అప్పటికి ఇంకా రాలేదు.

జులైలో తిరగబడ్డ వలసల ప్రతినిధి సభ అయిన కాంగ్రెస్ తరఫున కనెక్టికట్ వర్తకుడు సైలస్ డీన్ పారిస్‌లో దిగాడు. ఫ్రెంచి రాదు, దౌత్యం తెలియదు. స్థానిక తెగలతో వ్యాపారానికి సరుకు కొనడానికి వచ్చానని చెప్పుకోమని పైవాళ్లు నేర్పి పంపారు. ఇద్దరికీ బేరం కుదిరింది. సరుకు ఇప్పుడు, పొగాకు తర్వాత. ఫ్రాన్స్ తన ఫిరంగులను కొత్త పద్ధతికి మారుస్తున్న కాలం కాబట్టి ఆయుధాగారాల్లో పాతవాటికి కొదవలేదు.

డిసెంబరులో ఓడలకు సరుకెత్తించడానికి బొమార్షే దురాఁ అనే మారుపేరుతో ల హావ్ర్ రేవుకు వెళ్లాడు. అక్కడి నటులు ఈయన నాటకమే సాధన చేస్తున్నారు. వాళ్లు చెడగొడుతుంటే చూస్తూ ఊరుకోలేక దగ్గరుండి దిద్దాడు. దాంతో దురాఁ ఎవరో ఊరంతటికీ తెలిసిపోయింది. ఇంగ్లండు రాయబారి గోల చేశాడు, ఓడలు కదలకూడదని ఉత్తర్వొచ్చింది. గూఢచర్యం చేసినవాడికి కూడా సొంత డైలాగు ఎవరైనా తప్పు పలికితే ప్రాణం ఒప్పదన్నమాట!

అయినా ఓడలు జారుకున్నాయి. 1777 వసంతంలో మెర్క్యూర్, ఆంఫిత్రీత్ న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మౌత్ చేరాయి. మెర్క్యూర్ ఒక్కదాంట్లోనే సుమారు 12,000 తుపాకులు. ఆ అక్టోబరులో సారటోగాలో ఆంగ్లేయ సేన లొంగిపోయింది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ అమెరికాతో బాహాటంగా ఒప్పందం చేసుకుంది. తర్వాత వచ్చిన యుద్ధం మన తీరాన్నీ తాకింది. ఆ ఏడాది అక్టోబరులోనే పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది.

మరి పొగాకు? రాలేదు. ఒక ఓడ కాస్త బియ్యం, నీలిమందు తెచ్చింది. దాని మీద కూడా పేచీ నడిచింది. ఉత్తరాలకు జవాబులు లేవు. దీని వెనకున్నది లండన్‌లో అమెరికా ప్రతినిధిగా ఉండిన ఆర్థర్ లీ. లండన్‌లో బొమార్షేతో మొదట మాట్లాడింది తను, బేరం దక్కింది డీన్‌కు. ఇదంతా రాజుగారి కానుక, పైసా ఇవ్వక్కర్లేదని కాంగ్రెస్‌కు రాశాడు. ఖజానా ఖాళీగా ఉన్నవాళ్లకు అంతకన్నా తీపి కబురేముంటుంది? డీన్‌ను వెనక్కి పిలిచి లెక్కలడిగారు. పద్దుల పుస్తకాలు పారిస్‌లో ఉండిపోయాయి.

అసలు తమాషా 1779 జనవరిలో జరిగింది. కాంగ్రెస్ విదేశీ వ్యవహారాల కమిటీకి కార్యదర్శిగా ఉన్న థామస్ పెయిన్, సరుకు ఫ్రాన్స్ కానుకేనని పత్రికలో రాశాడు. ఫ్రాన్స్ రాయబారి భగ్గుమన్నాడు. ఒప్పందానికి ముందు రాజుగారు అమెరికాకు ఏ సరుకూ పంపలేదని కాంగ్రెస్ తీర్మానించింది, పెయిన్ ఉద్యోగం వదులుకున్నాడు. రాజు పంపలేదంటే పంపినవాడు వ్యాపారి. అలాంటప్పుడు అతనికి డబ్బివ్వాలి కదా? అదే నెలలో బొమార్షేకు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశారు. డబ్బు మాత్రం తెమల్లేదు.

1783లో ఫ్రాంక్లిన్, వెర్జెన్ కలిసి లెక్క చూస్తే ఒప్పందానికి ముందు ఫ్రాన్స్ ఉచితంగా ఇచ్చింది ముప్పై లక్షలని తేలింది. అమెరికా పద్దులో ఉన్నది ఇరవై లక్షలే. మిగతా పది లక్షలు ఏమయ్యాయని అడిగితే ఫ్రాన్స్ నోరు విప్పలేదు. విప్పితే 1776లో ఆడిన అబద్ధం తానే ఒప్పుకున్నట్టవుతుంది. చివరికి విప్లవం వచ్చి రాజు తల తెగాక, 1794లో అమెరికా రాయబారి గువర్నర్ మోరిస్ (గువర్నర్ అనేది పదవి కాదు, పేరే) ఆ పది లక్షల రసీదు సంపాదించాడు. జూన్ 10, 1776. కింద బొమార్షే సంతకం.

ఇక అమెరికా అదే పట్టుకుంది. అంతకుముందు ఏడాదే అమెరికా ఖజానా మంత్రి హామిల్టన్ కట్టిన లెక్కలో బొమార్షేకు ఇవ్వాల్సింది ఇరవై రెండు లక్షల లీవ్రుల పైమాటే. అందులోంచి ఈ పది లక్షలు, వాటి వడ్డీ తీసేయాలన్నారు. బొమార్షే లాభం చూసుకోని త్యాగమూర్తేమీ కాదు, పొగాకు మీద గట్టిగా ఆశపడ్డవాడే. కానీ ఆ పది లక్షలు ఆయన చేతికిచ్చింది ఫ్రాన్స్, దానికి జవాబు చెప్పాల్సిందీ ఫ్రాన్స్‌కే. అమెరికా కొన్నది మాత్రం తుపాకులు, మందుగుండు. వాటి ధర వాటికుంది. రెండు ప్రభుత్వాలూ తమ రహస్యం కోసం ఈ వ్యాపారిని అడ్డం పెట్టుకున్నాయి, అవసరం తీరాక లెక్కంతా ఆయన నెత్తినే వేశాయి. వీటిలో అమెరికా తప్పే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. సరుకు వాడుకున్నది వాళ్లు.

డీన్ 1789లో అమెరికా తిరిగి వెళ్తూ ఓడలోనే చనిపోయాడు. బొమార్షే 1799లో పోయాడు. 1835లో ఆయన వారసులకు ఎనిమిది లక్షల ఫ్రాంకులు ఇచ్చి ఆ ఖాతా మూసేశారు. డీన్ వారసులు ఇంకో ఏడేళ్లు ఆగాల్సి వచ్చింది. 1842లో కాంగ్రెస్ వాళ్లకు దాదాపు 37,000 డాలర్లు చెల్లించింది.