ఫార్మాట్ కొట్టే ముందు తేదీ చూడండి: విండోస్ అప్‌డేట్, బ్రౌజర్, డిజిటల్ సంతకం

[తెర: హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక నెట్ సెంటర్. షట్టర్ లేస్తుంది. మానిటర్ మీద "అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆఫ్ చేయవద్దు" అనే సందేశం.]

నమస్తే. "అన్నా, నిన్నటిదాకా మంచిగనే నడిచింది. ఇయ్యాల టోకెన్ తీసుకుంటలేదు." టోకెన్ అంటే డిజిటల్ సంతకం దాచిన యూఎస్‌బీ పరికరం. హన్మకొండ, కాజీపేట, పరకాల, హుజూరాబాద్ దిక్కు నెట్ సెంటర్లలో ఈ మాట బుధవారం పొద్దున ఎక్కువ వినపడితే ఆశ్చర్యం లేదు. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి నెలవారీ అప్‌డేట్‌ను రెండో మంగళవారం విడుదల చేస్తున్నది. విడుదల టైం అమెరికా పడమటి తీరంలో పొద్దున 10 గంటలు, అంటే మనకు ఎండాకాలంలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. తెల్లారి షాపు తెరిచి సిస్టం ఆన్ చేసేసరికి అది దిగుడు మొదలైతది.

రెండో మంగళవారం ఎప్పుడైనా 8 నుంచి 14 తారీఖుల నడుమనే పడుతది. నెలనెలా జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేసేటోళ్లకు ఆఖరు రోజు 11. కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకు) డిజిటల్ సంతకం తప్పనిసరి. గడువు మీద పడ్డప్పుడు సంతకం ఆగితే ఎవరికైనా చేతులు వణుకుతయ్. అప్పుడే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టురి" అంటరు. దయచేసి కొట్టకండి. టోకెన్ డ్రైవరు, ప్రింటరు, వేలిముద్ర మెషీన్ సాఫ్ట్‌వేరు మొత్తం మల్ల ఎక్కించాలె, ఆ రోజు పని పోతది, అసలు కారణం మాత్రం తెలియకుండనే ఉంటది.

[తెర: స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని టైప్ చేయడం. రోజువారీ గ్రాఫ్.]

ముందు ఏది మారిందో, ఎప్పుడు మారిందో చూడాలె. స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని కొడితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తది. ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కింది, ఏ ప్రోగ్రాం కూలింది, తారీఖుల వారీగ గీత మీద కనపడుతది. విండోస్‌లో ఇంత పనికొచ్చే పేజీ ఇంకోటి లేదని నా అభిప్రాయం, గని దాన్ని తెరిచేటోళ్లు చాలా తక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. క్రోమ్ అప్‌డేట్లు ఈ గ్రాఫ్‌లో దొరకకపోవచ్చు. క్రోమ్ తనంత తానే దింపుకుంటది, బ్రౌజర్ మూసి తెరిచినప్పుడు కొత్తది నడుస్తది. కాబట్టి పై మూల మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ క్రోమ్‌లోకి పోయి వెర్షన్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్‌ను తిడుతున్న రోజు అసలు మారింది క్రోమ్ కావచ్చు.

[తెర: కుడివైపు కింద గడియారం. తప్పు తేదీ.]

గడియారం కూడా చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్లు అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతది. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటయ్. సిస్టం తేదీ తప్పితే బ్రౌజర్ "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అంటది, విండోస్ అప్‌డేట్ 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ అని ఆగుతది. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే రెండూ దారికొస్తయ్.

అప్‌డేటే మధ్యలో ఇరుక్కుంటే? 0ఎక్స్80070070 అంటే సీ డ్రైవ్‌లో జాగా చాలలేదు. వేరే కోడ్ అయితే, సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్, బిట్స్ (బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్) రెండూ ఆపి, విండోస్ ఫోల్డర్ లోపలి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, సిస్టం రీస్టార్ట్ చేసి మల్ల ప్రయత్నించండి. అప్‌డేట్ డౌన్‌లోడ్ మల్ల మొదటినుంచి మొదలైతది. అయినా కాకుంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెర మీద చూపిస్తున్న డిస్మ్ రిస్టోర్ హెల్త్ కమాండ్, అది అయినంక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ. వరుస మార్చకండి. రెండోది బాగు చేసే ఫైళ్లను మొదటిది సరిచేసిన గోదాం నుంచే తెచ్చుకుంటది.

[తెర: బ్రౌజర్, దాని పక్కన చిన్న సాఫ్ట్‌వేర్, దాని పక్కన యూఎస్‌బీ టోకెన్. మూడింటి నడుమ బాణాలు.]

ఇగ సంతకం సంగతి. దీనికి కొంచెం ఓపిక పట్టండి. ఒకప్పుడు యాక్టివ్ఎక్స్, జావా యాప్లెట్ లాంటివి బ్రౌజర్ లోపల కూర్చొని టోకెన్‌తో నేరుగ మాట్లాడేవి. భద్రతకు అది పెద్ద బొక్క. 2015 సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్ 45 జావా యాప్లెట్ లాంటి పాత ప్లగిన్లకు దారి పూర్తిగ మూసేసింది. అప్పటినుంచి మన సిస్టంలోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ నడుమ నిలబడుతది. జీఎస్టీ సైట్‌కు ఎమ్‌సైనర్ అట్లాంటిదే. ఎనుమాముల మార్కెట్‌లో రైతుకు, ఖరీదుదారుకు నడుమ అడ్తిదారు ఉన్నట్టు, సైట్ చెప్పింది టోకెన్‌కు చేరవేసుడు, టోకెన్ చేసిన సంతకం సైట్‌కు తెచ్చిచ్చుడు దాని పని. ఇది 127.0.0.1 అనే అడ్రస్ మీద వింటుంటది. ఆ అడ్రస్ అంటే ఇదే సిస్టం.

అంటే గొలుసులో తెగే చోట్లు నాలుగు: సాఫ్ట్‌వేర్ నడుస్తలేకపోవుడు, యాంటీవైరస్ అడ్డం పడుడు, దాని లోకల్ సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మకపోవుడు, బ్రౌజర్ అనుమతి ఇయ్యకపోవుడు. ఈ చివరిది కొత్తది. 2025 అక్టోబర్‌లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, ఏదైనా సైట్ మన సిస్టంతోనో, లోకల్ నెట్‌వర్క్‌తోనో మాట్లాడబోతే క్రోమ్ ముందు మనల్ని అడుగుతది. తొందరలో "బ్లాక్" నొక్కితే సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు. అడ్రస్ బార్ ఎడమ పక్క గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతిని "అలౌ" చేయాలె. వేలిముద్ర మెషీన్ల ఆర్‌డీ సర్వీస్ (మెషీన్‌ను సైట్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) కూడా ఇదే అడ్రస్ మీద వింటది కాబట్టి అక్కడ కూడా ఇదే చూడండి.

[తెర: ఎర్ర గీతతో "ఇనీషియలైజ్ టోకెన్" బటన్.]

టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో "ఇనీషియలైజ్" అనే బటన్ జోలికి పోకండి. అది నొక్కితే లోపలున్న సర్టిఫికెట్, తాళపుచెవి (సంతకం చేసే రహస్య కీ) రెండూ చెరిగిపోతయ్, మల్ల పైసలు కట్టి కొత్తది తీసుకోవాలె. తప్పు పిన్ వరుసగ కొట్టినా లాక్ అయితది.

ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు కలిపే చిన్న ప్రోగ్రాం) మీద అనుమానముంటే ఇన్‌కాగ్నిటో విండోలో సైట్ తెరిచి చూడండి. మనం అనుమతి ఇయ్యకుంటే అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ సైట్ నడిస్తే తప్పు ఎక్స్‌టెన్షన్లలో ఉండొచ్చు. సంతకానికి ఎక్స్‌టెన్షనే కావాల్సిన సైట్లకు మాత్రం ఒక్కొక్కటి ఆపుకుంట పోవాలె.

పాత యాక్టివ్ఎక్స్ సైట్ ఏదైనా మిగిలుంటే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లాగ నడిచే పద్ధతి) ఉన్నది. ఐఈ మోడ్ సైట్ల జాబితాలో మనం చేర్చిన సైట్ 30 రోజులకే తొలగిపోతది. "నెలకోసారి పాడైతున్నది" అనే ఫిర్యాదుకు కారణం తరచుగ ఇదే. ఇగ "ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అని ఏ పేజీ అడిగినా అది మోసం. ఫ్లాష్‌కు 2020 డిసెంబర్ 31తోనే కాలం చెల్లింది.

"ఇంత తలనొప్పి ఎందుకు, అప్‌డేట్లే శాశ్వతంగ ఆపేస్త" అనే అన్నలకు ఒకటి చెప్పాలె. వాన్నాక్రై అనే దాడి సాఫ్ట్‌వేర్ 2017 మే 12న ప్రపంచమంతా సిస్టంలకు తాళం వేసి పైసలు అడిగింది. అది దూరిన బొక్కకు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చి 14ననే ప్యాచ్ ఇచ్చింది. మన నెట్ సెంటర్ల సిస్టంలలో జనం ఆధార్ కార్డులు, పట్టా పాసుబుక్కులు స్కాన్ చేసి ఉంటయ్. అవి మన సొత్తు కావు. గడువు దగ్గర పడితే సెట్టింగ్స్‌లో "పాజ్ అప్‌డేట్స్" పెట్టండి, 5 వారాల దాకా ఆపొచ్చు. పని అయినంక తీసేయండి. ఒక అప్‌డేటే తప్పు అని రిలయబిలిటీ గ్రాఫ్ చెప్తే, అప్‌డేట్ హిస్టరీలో దాని కేబీ నంబరు (అప్‌డేట్ గుర్తింపు నంబరు) చూసి అదొక్కటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

విండోస్ 10 సిస్టంలు ఇంకా చాలా షాపుల్లో ఉన్నయ్. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది. ఈఎస్‌యూలో (సపోర్ట్ ముగిసినంక ఇచ్చే పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో) నమోదైతే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తయ్. నమోదు చేయలేదు, విండోస్ 11 ఎక్కదు అనుకుంటే, ఇంటర్నెట్ వైరు తీసేసి ఆ సిస్టంను జిరాక్సుకు, ప్రింటుకు వాడండి. టోకెన్ మాత్రం దానికి పెట్టకండి.