మోకాలికి ఒక ధర ఉంది

పెద్దలందరికీ నమస్కారం. ప్రాక్టీస్ నుంచి నేరుగా వచ్చి, చేతులకు కట్టిన పట్టీలు కూడా విప్పకుండా ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు మరోసారి నమస్కారం. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా మీకే.

2020 నవంబర్ 28న లండన్‌లో ఒక బాక్సింగ్ పోటీ జరిగింది. కరోనా రోజులు కాబట్టి హాల్లో ప్రేక్షకులు లేరు. ఒక పక్క డానియల్ డుబ్వా. వయసు 23, అప్పటికి ఆడిన 15 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. మరో పక్క జో జాయిస్, రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచినవాడు. జాయిస్ జాబ్, అంటే ముందు చేత్తో నేరుగా కొట్టే దెబ్బ, పడేకొద్దీ డుబ్వా ఎడమ కన్ను వాచిపోయి మూసుకుపోయింది. పదో రౌండ్‌లో మళ్లీ అదే కంటి మీద ఇంకో జాబ్ పడింది. చూసేవాళ్లకు అదంత పెద్ద దెబ్బలా అనిపించలేదు. కానీ డుబ్వా ఒక మోకాలు నేలకు ఆనించాడు. రిఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు, ఓడిపోయాడు.

మనకప్పుడు ఇంకా తెల్లవారలేదు. నేను ఫోన్‌లో చూస్తున్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "వదిలేశాడు." నేనే కాదు, ఒకప్పుడు రింగ్‌లో ఆడినవాళ్లు కూడా అదే అన్నారు. చేతులు పనిచేస్తున్నాయి, కాళ్లు నిలబడుతున్నాయి, మరి ఎందుకు కూర్చున్నాడు అన్నారు. తర్వాత ఆసుపత్రిలో తేలింది, అతని కంటి గూడు ఎముక విరిగింది, నరం కూడా దెబ్బతింది. ఇంకో రెండు రౌండ్లు ఆడి ఉంటే ఆ కంటికి ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ వార్త చదివాక నేను అన్న మాట చాలా రోజులు నన్ను పట్టుకుని వదల్లేదు. ఇంట్లో కూర్చుని, నాకు ఏ దెబ్బా తగలకుండా, ఒక పిల్లవాడి ధైర్యానికి మార్కులు వేశాను.

అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. బాక్సర్ కావాలని మోకాలు ఆనించడం తెలివా, లేక క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా?

ముందు ఒక చిన్న మాట. మన భాషలో ఈ పనికి దగ్గరి మాట 'మోకరిల్లడం'. ఆ మాటలో భక్తి ఉంది, లొంగుబాటు కూడా ఉంది. రింగ్‌లో మోకాలు ఆనించినవాణ్ని చూడగానే మనకు లొంగిపోయాడు అనిపించడానికి ఆ పాత అర్థం కూడా కొంత కారణమేమో. బాక్సింగ్‌లో మాత్రం మోకాలికి అలాంటి అర్థం ఏ రోజూ లేదు. 1743లో జాక్ బ్రాటన్ ఇంగ్లండ్‌లో రాసిన నియమాల్లోనే ఉంది, కింద పడ్డవాణ్ని కొట్టకూడదు, మోకాళ్ల మీద ఉన్నవాణ్ని కింద పడ్డట్టే లెక్కించాలి అని. బ్రాటన్‌తో తలపడ్డ ఒక బాక్సర్ ఆ దెబ్బలతో చనిపోయాడని, ఆ బాధతోనే ఆయన ఈ నియమాలు రాశాడని చెబుతారు. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి. ఒక్క మోకాలి మీద ఉన్నా కింద పడ్డట్టే, అప్పుడు అతన్ని కొడితే పందెం సొమ్ము అతనిదే. గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్, పది సెకన్ల లెక్క కూడా ఆ నియమాలతోనే స్థిరపడ్డాయి. అంటే ఆటగాడు తప్పించుకునే దారి వెతికి ఈ మోకాలిని కనిపెట్టలేదు. ఆటను రాసినవాళ్లే దాన్ని ఒక తలుపులా పెట్టారు.

ఆ తలుపు గుండా ఊరికే పోనివ్వరు, దానికి ధర ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మామూలుగా జడ్జీలు రౌండ్ గెలిచినవాడికి 10 పాయింట్లు, ఓడినవాడికి 9 వేస్తారు. కింద పడితే 9 కాస్తా 8 అవుతుంది. అంటే మోకాలు ఆనించిన బాక్సర్ ఒక పాయింట్ చేతులారా ఇచ్చేసి, రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టే ఆ ఎనిమిది సెకన్లు కొనుక్కుంటున్నాడు. పోటీ దగ్గరగా నడుస్తుంటే ఆ ఒక్క పాయింట్‌తో ఛాంపియన్ బెల్టే పోవచ్చు. పైగా రిఫరీ ఆ ఎనిమిది సెకన్లూ అతని కళ్లలోకే చూస్తాడు, అనుమానం వస్తే అక్కడే ఆపేస్తాడు. ఇంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని దొంగతనం అనడం నాకు సమంజసంగా తోచదు.

ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ బాక్సింగ్‌లో రిఫరీయే, దెబ్బ తిన్న బాక్సర్ నిలబడి ఉండగానే పోటీ ఆపి ఎనిమిది దాకా లెక్కపెడతాడు. మన నిఖత్ జరీన్ నిజామాబాద్ నుంచి మొదలుపెట్టి రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ తరహా బాక్సింగ్‌లోనే. కానీ అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలకు వాడే ఏకీకృత నియమాల్లో ఈ నిలబెట్టి లెక్కపెట్టడం లేదు. అక్కడ తల తిరుగుతున్న బాక్సర్‌కి ఊపిరి తీసుకునే అవకాశం ఎవరూ పిలిచి ఇవ్వరు, తన మోకాలితో తనే అడిగి తెచ్చుకోవాలి. అమెచ్యూర్లకు రిఫరీ ఉచితంగా ఇచ్చేదాన్ని, పెద్ద రింగ్‌లో ఒకడు పాయింట్ కట్టి కొనుక్కుంటే ఎందుకు చిన్నచూపు చూస్తాం?

1997 మార్చి 21న అట్లాంటిక్ సిటీలో రాయ్ జోన్స్, మాంటెల్ గ్రిఫిన్ తలపడ్డారు. జోన్స్ అప్పటికి 34 గెలిచాడు, ఓటమి లేదు. తొమ్మిదో రౌండ్‌లో దెబ్బలు తట్టుకోలేక గ్రిఫిన్ మోకాలు ఆనించాడు. జోన్స్ ఆగలేదు, కింద ఉన్నవాణ్ని మళ్లీ కొట్టాడు. రిఫరీ జోన్స్‌ను అనర్హుడిగా ప్రకటించడంతో టైటిల్ గ్రిఫిన్‌కు దక్కింది. గ్రిఫిన్ నాటకమాడి బెల్టు కొట్టేశాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాకా మాట నచ్చదు. అతను చేసింది నియమం ఇచ్చిన చోట తల దాచుకోవడం, నియమం దాటింది జోన్స్. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ కలిసినప్పుడు జోన్స్ మొదటి రౌండ్‌లోనే పడగొట్టి బెల్టు తిరిగి తీసుకున్నాడు. ఎవరు మెరుగైన బాక్సరో అప్పుడు తేలిపోయింది. ఎవరు తప్పు చేశారో మాత్రం మార్చిలోనే తేలింది.

ఇక రెండో వైపుకు వస్తాను. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను.

2025 మార్చి 1న బ్రూక్లిన్‌లో జర్వాంటా డేవిస్, లామోంట్ రోచ్ పోటీ. తొమ్మిదో రౌండ్‌లో డేవిస్ వెనక్కి జరిగి ఒక మోకాలు ఆనించాడు. వెంటనే లేచి తన కార్నర్‌కి, అంటే రింగ్ మూలలో తన మనుషులుండే చోటికి నడిచాడు. అక్కడ తువ్వాలుతో ముఖం తుడిపించుకున్నాడు. రిఫరీ స్టీవ్ విల్లిస్ లెక్క మొదలుపెట్టినట్టే పెట్టి ఆపేశాడు, నాక్‌డౌన్ ఇవ్వలేదు, అంటే కింద పడ్డట్టు లెక్కించలేదు. తలకు రాసుకున్నది కరిగి కళ్లలోకి కారిందని డేవిస్ తర్వాత చెప్పాడు. అది నిజమే కావచ్చు. కళ్లు మండితే ఎవరికైనా కష్టమే. కానీ కంటి మంటకు టైమ్ అవుట్ ఇచ్చే ఆట కాదిది. ఎదుటివాడి ముందు మోకాలు ఆనించావంటే లెక్క పడాలి, పాయింట్ పోవాలి. దెబ్బ తగలకుండానే కావాలని దిగాడని రిఫరీ అనుకుంటే దానికి వేరే శిక్ష ఉంది, చాలా చోట్ల అది ఫౌల్. రౌండ్ మధ్యలో కార్నర్ మనిషి చేత ముఖం తుడిపించుకోవడం ఇంకో తప్పు. ఇవేవీ జరగలేదు. చివరికి ఒక జడ్జి 115-113తో డేవిస్‌కు ఇచ్చాడు, మిగతా ఇద్దరూ 114-114 వేశారు. పోటీ డ్రా. లెక్క మీరే కట్టండి. ఆ మోకాలికి ఒక్క పాయింట్ తీసి ఉంటే ఆ ఇద్దరు జడ్జీల దగ్గరా రోచ్ గెలిచేవాడు. కింది బరువు నుంచి పైకి వచ్చి, ఎవరూ ఓడించని ఛాంపియన్‌కు ఎదురు నిలిచిన మనిషి చేతిలోకి రావాల్సిన గెలుపు అలా జారిపోయింది.

ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధం. గ్రిఫిన్ మోకాలూ ఇదీ ఒకటే అంటే నేను ఒప్పుకోను. గ్రిఫిన్‌కు దెబ్బలు తగిలాయి. డుబ్వా ఓటమితో మూల్యం కట్టాడు. డేవిస్ ఏమీ కట్టకుండా సరుకు తీసుకెళ్లాడు. తప్పులో సగానికి పైగా రిఫరీదే అని కూడా చెప్పాలి, ఎందుకంటే వసూలు చేయాల్సింది ఆయనే.

అసలు 'కావాలని' అనే మాట దగ్గరే మనం తరచుగా పొరబడతాం. కుడివైపు పక్కటెముకల కింద, కాలేయం మీద సరైన హుక్, అంటే చేయి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ, పడితే ఏమవుతుందో ఇక్కడ కొందరికి అనుభవమే. తగిలిన క్షణంలో ఏమీ తెలియదు. ఒకటి రెండు సెకన్ల తర్వాత ఊపిరి ఆగిపోతుంది, రక్తపోటు పడిపోతుంది, కాళ్లు మడుచుకుపోతాయి. తలలో స్పృహ మాత్రం పూర్తిగా ఉంటుంది. 2023 ఏప్రిల్ 22న లాస్ వెగాస్‌లో ఇదే డేవిస్ ఒంటి మీద కొట్టిన దెబ్బకి రయన్ గార్సియా ముందు నిలబడే ఉన్నాడు, వెనక్కి జరిగాడు, ఆ తర్వాత మోకాలి మీదకు వచ్చాడు. పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. దెబ్బకూ మోకాలికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిని చూసి జనం అతను ఆలోచించుకుని కూర్చున్నాడు అన్నారు. అతను మాత్రం ఊపిరి ఆడలేదన్నాడు. శరీరం వేసిన మోకాలిని మనసు వేసిందని మనం బయటి నుంచి తీర్పు చెప్పేస్తున్నాం.

ఇక నాకు అన్నింటికంటే బరువైన పేరు రష్యా బాక్సర్ మగోమెద్ అబ్దుసలామోవ్. 2013 నవంబర్ 2న న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైక్ పెరెజ్‌తో పది రౌండ్లు ఆడాడు. ముఖం ఎముకలు విరిగినా ఆఖరి గంట దాకా ఆడాడు, పాయింట్లతో ఓడాడు. అక్కడి నుంచి ఆసుపత్రికి టాక్సీలో వెళ్లాల్సి వచ్చింది. మెదడులో రక్తం గడ్డకట్టింది, కోమాలోకి వెళ్లాడు. ప్రాణం దక్కింది కానీ మునుపటి మనిషి మళ్లీ రాలేదు. 2017లో న్యూయార్క్ రాష్ట్రం అతని కుటుంబానికి 2.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ రాత్రి అతన్ని ఎవరూ పిరికివాడు అనలేదు. ఆ పొగడ్త అతని భార్యాపిల్లలకు ఏ పనికొచ్చింది?

'బతికుంటే బలుసాకు తినొచ్చు' అనే సామెతను మనం ఒక్కోసారి వెక్కిరింపుగా వాడతాం, పోరాటం వదిలినవాడి మీద విసురుతాం. దయచేసి పిల్లల ముందు అలా వాడకండి. ముఖ్యంగా తండ్రులకు చెబుతున్నాను. జిల్లా పోటీల్లో రింగ్ పక్కన నిలబడి "లేరా, పరువు తీయకు" అని అరిచే గొంతులు నేను విన్నాను. ఆ పిల్లవాడికి అప్పుడు వినిపించాల్సింది రిఫరీ లెక్క ఒక్కటే.

డుబ్వా సంగతి చెప్పి ముగిస్తాను. 2023 ఆగస్టులో పోలాండ్‌లో ఉక్రెయిన్ ఛాంపియన్ ఉసిక్ చేతిలో తొమ్మిదో రౌండ్‌లో మళ్లీ మోకాలి మీదకు వచ్చి ఓడాడు. పాత మాటలన్నీ మళ్లీ మొదలయ్యాయి. 2024 సెప్టెంబర్ 21న వెంబ్లీ స్టేడియంలో 96,000 మంది ముందు అదే డుబ్వా ఆంథనీ జాషువాను ఐదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 2020లో ఆ మోకాలు ఆనించకపోతే అతనికి వెంబ్లీ దాకా చూపు మిగిలేదా అని నేను ఆలోచిస్తుంటాను. మన నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ కూడా 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌కు మోకాలి గాయంతో దిగలేదు, కాంస్యంతో తిరిగి వచ్చాడు. అతన్ని మనం తప్పుబట్టలేదు కదా.

పిల్లలూ, మీ కోచ్‌ను ఒకటి అడిగాను, ఆయన సరేనన్నారు. రేపటి నుంచి జాబ్, హుక్‌లతో పాటు మోకాలు ఆనించడం కూడా ప్రాక్టీస్ చేయిస్తారు. తల తిరిగితే చేతులు కిందికి వదలకుండా ఒక మోకాలు ఆనించండి. ఎదుటివాణ్ని చూడొద్దు, మీ కార్నర్‌ను చూడండి. ఊపిరి ముక్కుతో తీసుకోండి. ఆరు వినపడగానే తల తేరుకుందా లేదా అని మిమ్మల్ని మీరు అడగండి. తేరుకుంటే ఎనిమిది దగ్గర లేచి గ్లవ్స్ రిఫరీకి చూపించండి. తేరుకోకపోతే అలాగే ఉండండి, మీ కోచ్ మీ దగ్గరికి వస్తారు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ముందు ఆ చివర కూర్చున్న అమ్మాయి, ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది.