యూనివర్సిటీ బయాలజీ డిపార్ట్‌మెంట్‌లో అసలేం చేస్తారు? ఒక్క మిరపకాయ పట్టుకుని చెప్తా

నమస్తే అండీ అందరికీ. ఈ వీడియో కొంచెం కోపంతోనే చేస్తున్నా, ముందే చెప్పేస్తున్నా. ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒక పిన్ని పక్కన కూర్చుని "మావాడికి నీట్‌లో ర్యాంకు రాలా, ఇంకేం చేస్తాం, బీఎస్సీలో పడేశాం" అంటది. పడేయటం ఏంది పిన్నీ? ఇంకో బాబాయ్ అయితే "యూనివర్సిటీల్లో ఇంకా కప్పలే కోస్తున్నారా" అని నవ్వుతాడు. కప్పల సంగతి పాతబడిపోయింది బాబాయ్, జంతువుల్ని కొయ్యటం ఆపెయ్యమని యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2014లోనే చెప్పింది.

మరి ఏం చేస్తారు? మనది గుంటూరు కాబట్టి మిరపకాయతోనే చెప్తా.

(కెమెరా దగ్గరికి: పండు మిరపకాయ నిలువుగా చీల్చి)

చూడండి. కారం ఎక్కడుంటది? గింజల్లో అంటారు అందరూ, మా అమ్మ కూడా అంతే. కాదు. గింజలు అంటుకుని ఉండే ఈ తెల్లటి ఈనె ఉంది చూశారా, దీని మీద సన్నగా పసుపు పచ్చగా మెరుస్తున్నాయి కదా బొబ్బల్లాగా, కారం తయారయ్యేది అక్కడ. గింజ దానికి ఆనుకుని ఉంటది కాబట్టి దానికీ కాస్త అంటుకుంటది, అంతే. ఈ కారం పేరు కాప్సైసిన్, ఇది మీకు తెలుసు, వదిలేద్దాం.

ఇప్పుడు ప్రశ్న. చెట్టు పండు ఎందుకు కాస్తది? ఎవరో ఒకరు తిని గింజల్ని దూరంగా పడెయ్యాలని. మరి తినమని పండు ఇచ్చి నోరు మండించటం ఏందండీ? బయాలజీ డిపార్ట్‌మెంట్ అంటే ఈ ప్రశ్న దగ్గర ఆగి, దీని మీద ఏళ్లకేళ్లు కూర్చునే మనుషులు. మనవాళ్లయితే "దీనివల్ల ఉపయోగం ఏంటి" అని వెంటనే అడిగేస్తారు. ఆగండి, చెప్తా.

అమెరికాలో జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నాభాన్ అని ఇద్దరు అరిజోనాలో అడవి మిరప చెట్లు చూసి 2001లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు. ఎలుక జాతివి కాయ తింటే గింజని నమిలేస్తాయి, ఇక అది మొలవదు. పిట్ట మింగేస్తది, గింజ చెక్కుచెదరకుండా రెట్టలో బయటికొస్తది. చెట్టుకి పిట్ట కావాలి, ఎలుక వద్దు. కారం ఎలుకకి మండుతది, పిట్టకి అసలు తెలియదు. మన పెరట్లో చిలక పచ్చిమిరపకాయని జాంకాయ తిన్నట్టు తినేస్తది చూడండి, దానికి పౌరుషం ఎక్కువై కాదు, దాని నరాలకి ఆ మంట పట్టదు.

అక్కడితో అయిపోలా. ట్యూక్స్‌బరీ వాషింగ్టన్ యూనివర్సిటీ బయాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు బొలీవియా అడవులకెళ్లాడు. అక్కడ విచిత్రం ఏంటంటే ఒకే జాతి అడవి మిరపలో కొన్ని చెట్లకి కారం ఉంది, కొన్ని చప్పిడి. ఎందుకు? నోటికి సూదిలాంటిది ఉండే నల్లి జాతి పురుగులు కాయకి పొడుస్తాయి, ఆ చిల్లులోంచి ఫ్యుజేరియం అనే బూజు లోపలికి పోయి గింజల్ని పాడుచేస్తది. ఆ బూజుని కారం ఆపుతది. పురుగుల పోటు ఎక్కువున్న చోట కారం చెట్లు ఎక్కువ, తక్కువున్న చోట చప్పిడివి ఎక్కువ. ఇది తేల్చటానికి కాయల మీద చిల్లులు లెక్కపెట్టారండీ కూర్చుని. 2008లో పేపర్ వచ్చింది. పీహెచ్‌డీ అంటే మీరు ఊహించుకునే తెల్లకోటు, రంగు రంగుల సీసాలు కాదు, చాలాసార్లు ఈ చిల్లుల లెక్కే.

సరే, ఉపయోగం. ఇదే కారం పట్టుకుని కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ ల్యాబ్ వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు, కారం తింటే "మండింది" అని ఎందుకు అంటాం, నిజంగా నిప్పు లేదు కదా అని. నొప్పి తెలిసే నరాల్లో పనిచేసే జీన్లు తీసి, కారం అంటే ఏంటో తెలియని కణాల్లో పెట్టి, ఏ జీన్ పెడితే కణం కారానికి స్పందిస్తదో అని వెతికారు. దొరికింది, 1997లో. ఆ జీన్ తయారుచేసేది నరాల్లో కారాన్ని పసిగట్టే ఒక ప్రోటీన్. ఆ ప్రోటీనే దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా స్పందిస్తది, కాబట్టి మెదడుకి రెండూ ఒకటే కబురు. (43 డిగ్రీలంటే మే నెలలో బెజవాడలో బయట గాలే, అది వేరే విషయం.) 2021లో జూలియస్‌కి, స్పర్శ ఎలా తెలుస్తదో కనిపెట్టిన ఆర్డెమ్ పటపుటియన్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. నొప్పి మందులు వెతికేవాళ్లకి ఇదొక కొత్త దారి చూపించింది.

అది అమెరికా కదా అంటారు. సరే, ఇక్కడికి వద్దాం. అదే 2021, మన చేలల్లో మిరప పూత పూతంతా రాలిపోయింది, గుర్తుందా? రైతులు పై ముడత, అంటే తామర పురుగు వల్ల ఆకులు పైకి ముడుచుకునే పాత తెగులే అనుకుని ఎప్పుడూ కొట్టే మందులే కొట్టారు, పోలా. మార్చి మార్చి కొట్టారు, పోలా. ఎందుకంటే అది పాత తామర పురుగు కాదు.

ఇక్కడ పని మొదలయ్యేది ఒకే ఒక ప్రశ్నతో, ఈ పురుగు ఎవరు? పూవు కోసి తెల్లకాగితం మీద తడితే నల్లగా చుక్కల్లాంటివి పరిగెడతాయి, మిల్లీమీటరు పొడుగు ఉంటాయి. వాటిని సన్న బ్రష్‌తో తీసి ఆల్కహాల్లో వెయ్యాలి, సీసా మీద ఊరు, తేదీ, ఏ మొక్క అని రాయాలి, అది రాయకపోతే ఆ పురుగు ఎందుకూ పనికిరాదు. తర్వాత ఒంట్లో కండంతా కరిగించి, గాజు పలక మీద రెక్కలు విప్పి పరిచి, మైక్రోస్కోప్ కింద మీసానికి కణుపులెన్ని, రెక్క ఈనె మీద వెంట్రుకలు ఎలా ఉన్నాయి అని చూడాలి. పరిచేటప్పుడు రెక్క విరిగిందా, మళ్లీ మొదటికే. పక్కన డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క చదివి పోల్చుకుంటారు. పేరు తేలింది, త్రిప్స్ పార్విస్పైనస్. 1922లోనే థాయ్‌లాండ్ నుంచి వర్ణించి పెట్టిన పురుగు, మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద దొరికింది.

పేరు తెలిస్తే ఏమొస్తది? అన్నీ మారిపోతాయి. పాతది ఎక్కువ ఆకుల మీద ఉంటది, ఇది పూవు లోపల దాక్కుంటది, పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. ఆడది నలుపు, మగది పసుపు, కాబట్టి రంగు చూసి లెక్కేస్తే తప్పుతారు. ఇష్టమొచ్చినట్టు మందు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు పోతాయి. పురుగులు వచ్చి అంటుకునే నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నది అందుకే. ఇలాంటి పనికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌కి వేసే మార్కులాంటిది) రాదని ఈ పురుగుల పేర్లు చెప్పేవాళ్లని మన డిపార్ట్‌మెంట్లు పట్టించుకోవట్లా, నాకు ఒళ్లు మండేది అక్కడే.

టైమ్ అయిపోతోంది, టీచింగ్ గురించి గబగబా చెప్తా. సీనియర్ రికార్డు తెచ్చుకుని బొమ్మలు దించటం ప్రాక్టికల్ కాదు. పిల్లాడి చేతికి పురుగు ఇచ్చి, లక్షణాలు చూసి పురుగు పేరు తేల్చే కీ పుస్తకం ఇచ్చి, నువ్వే తేల్చుకో అంటే అది ప్రాక్టికల్. అది చేయించే డిపార్ట్‌మెంట్ మంచిది, గ్రానైట్ ఫ్లోరింగ్ ఉన్నా లేకపోయినా.

సాధించినవి అంటారా. కాజ టోల్‌గేట్ దాటాక వచ్చే నాగార్జున యూనివర్సిటీ 1967లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై 1976లో సొంత యూనివర్సిటీ అయింది. అక్కడైనా ఎక్కడైనా బోర్డు మీద "ఇన్ని వందల పేపర్లు" అని ఉంటే సంబరపడొద్దు, డబ్బు కడితే వేసేసే జర్నల్స్ బోలెడు. ఏ జర్నల్, ఏం ప్రశ్న, పిల్లలు తర్వాత ఎక్కడికెళ్లారు, ఈ మూడూ అడగండి. మిర్చి యార్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా 334, 334 అంటారే, అది గుంటూరు పక్కన లాం ఫారంలో, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, తీసిన మిరప రకం నంబరు. ఏ షీల్డు మీదా ఉండదు గానీ క్వింటాళ్ల లెక్కన అమ్ముడవుతది.

చివరిగా, ఎమ్మెస్సీ వాళ్లు, రీసెర్చ్‌కీ లెక్చరర్ ఉద్యోగాలకీ పెట్టే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ ఫైనల్ ఇయర్లో ఉండగానే రాయొచ్చు, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000. మా చెల్లి ఫ్రెండ్ అది తెలియక ఒక ఏడాది పోగొట్టుకుంది. నోటిఫికేషన్ చూసుకుంటూ ఉండండి. ఉంటానండీ.