మ్యాట్ కింద తుప్పు

శ్రోతలకు నమస్కారం.

మా కారు నంబరు విశాఖ జిల్లా కోడైన ఏపీ 31తో మొదలయ్యేది. రాష్ట్రమంతటికీ కలిపి 39 సిరీస్ 2019లో వచ్చింది. కాబట్టి విశాఖ రోడ్ల మీద 31 నంబరుతో ఏ బండి కనిపించినా దానికి కాస్త వయసు మీద పడిందనే అర్థం. మాది 2009 నాటి చిన్న పెట్రోల్ కారు. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ దగ్గర పడ్డప్పుడు ఇంట్లో ప్రశ్న మొదలైంది. దీన్ని ఇంకా బాగు చేయించుకుంటూ పోదామా, ఇక్కడితో ఆపేద్దామా అని.

ముందు ఒక అపోహ తీసేస్తాను. పదిహేనేళ్లు దాటిన కారు రోడ్డెక్కకూడదని చాలామంది అనుకుంటారు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్న మాట ఢిల్లీ పరిసరాల కాలుష్యం మీద కోర్టుల్లో వచ్చింది. మన దగ్గర ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే సొంత కారు ఆర్‌సీని మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. ఫీజు మాత్రం పెరిగింది. ఒకప్పుడు 600 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అంటే బండి ఉంచుకోవడానికి చట్టం అడ్డు రాదు. తేల్చుకోవలసింది మనమే.

అందరూ వేసే లెక్క ఒకటుంది. బండి అమ్మితే యాభై వేలు రాదు, రిపేరుకి పాతిక వేలా అని. ఈ లెక్క నాకు మొదటి నుంచీ నచ్చదు. నేను బండిని అమ్మబోవడం లేదు, ఎక్కి తిరగబోతున్నాను. కొత్త కారు తీసుకుంటే నెలకు పది వేల వాయిదా అనుకున్నా ఏడాదికి లక్షా ఇరవై వేలు, పైన ఇన్సూరెన్స్. దాని పక్కన పెట్టి చూస్తే ఏడాదికోసారి పాతిక వేల రిపేరు భారమేమీ కాదు. కాకపోతే ఇంకో గోతిలో పడతాం. పోయినేడు క్లచ్ వేయించాం, మొన్ననే టైర్లు మార్చాం, ఇప్పుడెలా వదిలేస్తాం అనుకుంటూ ఇంకా పోస్తాం. నేనూ అదే చేశాను. పెట్టింది పెట్టేశాం, అది తిరిగి రాదు. ఇకముందు పెట్టబోయేది దేనికోసమన్నదే చూసుకోవాలి.

సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని. తెల్లటి పొగ దట్టంగా, ఆగకుండా వస్తే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి దిగుతోందేమో, దాన్ని ఆపే సీలు, అంటే హెడ్ గాస్కెట్ చూపించాలి. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ మండుతోంది. వీటన్నిటికీ మందు ఉంది, ధర ఉంది. క్లచ్, రేడియేటర్, సస్పెన్షన్ బుష్‌లు కూడా అంతే. విప్పి కొత్తవి వేస్తే సరిపోతుంది. ఆటోనగర్‌లో చేయలేని పని ఏదీ లేదు.

మన ఊళ్లో కారు ప్రాణం తీసేది వేరే ఉంది.

మా ఇల్లు పెద్ద వాల్తేరులో. మేడ ఎక్కితే సముద్రం కనబడుతుంది. పొద్దున్నే కారు అద్దం మీద వేలితో గీస్తే జిడ్డుగా తగులుతుంది, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుని రేకును ఆరనివ్వదు. ఉప్పు కలిసిన తడిలో తుప్పు వేగంగా నడుస్తుంది. పైనున్న రంగును రోజూ తుడుస్తాం, అడుగును ఎవరు తుడుస్తారు? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో బాదం చెట్టు కూలి, మా కారు ఐదు రోజులు దాని కింద ఉండిపోయింది. కొమ్మలు తీసేశాక అద్దం మార్చాం, సొట్టలు తీయించాం, అంతా బాగైందనుకున్నాం. ఆ వానతో పాటు లోపలికి దిగిన ఉప్పు నీళ్ల సంగతి మాకు తట్టలేదు.

రెన్యువల్‌కి ముందు కంచరపాలెంలో మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పదిహేనేళ్లుగా ఈ బండిని ఎరుగు. ఇంజన్ స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, "ఇంజన్ బంగారం బాబూ" అన్నాడు. నా మనసు తేలికపడింది. తర్వాత ముందు సీటు కిందున్న మ్యాట్ ఎత్తాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని, తలుపు దగ్గర నేల రేకు మీద మెల్లగా నొక్కాడు. తడిసిన అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. చప్పుడు కూడా లేదు. ఇటుక రంగు పెచ్చులు అరచేతిలోకి తీసుకుని, "ఓపాలి సూడండి బాబూ, బండి దీని మీదే నిలబడింది" అన్నాడు.

ఆ మాటకు అర్థం అప్పుడు చెప్పాడు. లారీకి ఉన్నట్టు చిన్న కారుకు విడిగా ఛాసిస్, అంటే అడుగున ఇనుప చట్రం ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడుగ్గా ఉండే పట్టీ, పైకప్పు స్తంభాలు, అన్నీ కలిపి వెల్డ్ చేసినదే దాని అస్థిపంజరం. ఎదురుగా ఏదైనా గుద్దితే దెబ్బను కాచేది అదే. రేకు ముక్క అతికించవచ్చు. కానీ వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న పూత కాలిపోతుంది, ఏడాది తిరిగేసరికి అతుకు అంచున మళ్లీ మొదలవుతుంది. సస్పెన్షన్ బిగించే చోటుకే తుప్పు పాకితే ఇక అతుకులతో పని లేదు. మాకు అక్కడికీ పాకింది. పైగా ఆ కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. అవి 2019లోగానీ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి కాలేదు. గట్టి రేకొక్కటే మాకున్న రక్ష, అదీ పోయింది.

అందుకే మీ పాత కారు మీద ఏ పెద్ద రిపేరుకైనా డబ్బు కట్టేముందు మ్యాట్‌లు ఎత్తి చూడండి. ర్యాంపు ఎక్కించి అడుగు చూపించమనండి. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. భీమిలి రోడ్డు మీద తిరిగొచ్చాక అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. రేకు గట్టిగా ఉందా, ఇంజన్ పని ఎంత ఖరీదైనా నిబ్బరంగా చేయించండి. పొడిలా రాలుతోందా, రెండు వేల పనికి కూడా నేను వద్దనే అంటాను.

మా బండిని నలభై వేలకు అడిగినవాళ్లున్నారు. పైకి రంగు మెరుస్తోంది మరి. ఆ నేల మీద వాళ్ల పిల్లలు కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు కదా అని ఇవ్వలేకపోయాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండి అప్పగించినట్టు వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుని, ఆర్‌సీ రద్దు చేయించాం. వచ్చింది తక్కువే. బండిని ఎత్తుకెళ్తుంటే మా అమ్మ గేటు దాకా వచ్చి నిలబడింది.

విజయనగరంలో మా చెల్లెలికీ అదే మోడల్, అదే ఏడాది కారు ఉంది. సముద్రపు గాలి అంతగా తగలని చోటు. మొన్న క్లచ్ పోయిందని ఫోన్ చేస్తే ఆదివారం వెళ్లి ముందు మ్యాట్ ఎత్తాను. అడుగున రేకు ఇంకా కంపెనీ రంగులోనే ఉంది. "క్లచ్ వేయించేయమ్మా" అన్నాను.